లూయిస్ వాన్ గాల్: ఒకే పద్ధతి కప్పులూ తెచ్చింది, ఉద్వాసనలూ తెచ్చింది

నెదర్లాండ్స్ జాతీయ ఫుట్‌బాల్ జట్టు లూయిస్ వాన్ గాల్‌ను మూడుసార్లు కోచ్‌గా పిలిచింది. బార్సిలోనా రెండుసార్లు పిలిచింది. ఆమ్‌స్టర్‌డ్యామ్ క్లబ్ అయాక్స్ ఒకసారి కోచ్‌గా, మరోసారి టెక్నికల్ డైరెక్టర్‌గా పెట్టుకుంది. మూడు దేశాల్లో కలిపి ఏడు లీగ్ టైటిళ్లు, ఒక ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ), ఒక యూఈఎఫ్‌ఏ కప్ (యూరప్ క్లబ్బుల మరో పోటీ), ప్రపంచకప్‌లో ఒక మూడో స్థానం ఆయన ఖాతాలో ఉన్నాయి. 2002 ప్రపంచకప్‌కు నెదర్లాండ్స్ అర్హత సాధించకపోవడమూ అదే ఖాతాలో ఉంది. 2003 జనవరిలో బార్సిలోనాను పట్టికలో 12వ స్థానంలో వదిలి వెళ్లడమూ ఉంది. బయెర్న్ మ్యూనిక్ సీజన్ పూర్తికాకుండానే పంపేసింది. మాంచెస్టర్ యునైటెడ్ అయితే ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండు రోజులకే తీసేసింది.

ఎందుకింత ఎగుడుదిగుడు అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఇది: మొండివాడు, ఒకే ఫార్మేషన్ (ఆటగాళ్లను మైదానంలో నిలబెట్టే అమరిక) పట్టుకు వేలాడాడు. ఇందులో మొదటి ముక్క నిజమే. రెండోది నిజం కాదు. అయాక్స్‌లో 3-4-3 (గోల్‌కీపర్ కాక వెనక నుంచి ముందుకు ఒక్కో వరుసలో ఎందరో చెప్పే అంకెలివి) ఆడించాడు, బార్సిలోనాలో ఎక్కువగా 4-3-3, డచ్ క్లబ్ ఏజెడ్‌లో 4-4-2, బయెర్న్‌లో 4-2-3-1, బ్రెజిల్ ప్రపంచకప్‌లో 5-3-2. ఆయన తరం కోచ్‌లలో ఇన్ని రకాలుగా ఆడించి గెలిచినవాళ్లు తక్కువ. మారనిది ఇంకొకటి ఉంది. మైదానం ఆయనకు తరగతి గది. ప్రతి స్థానానికీ ఒక పని, ఆ పనికి ఒక పాఠం. పాఠం విననివాడు ఎంత పేరున్నవాడైనా బెంచీ మీదికే.

ఈ తరగతి సజావుగా సాగాలంటే మూడు కుదరాలి. నేర్చుకోవాలన్న ఆకలి ఉన్న ఆటగాళ్లు కావాలి. మాస్టారి మాటకు అడ్డుపడని యాజమాన్యం కావాలి. బంతి చివరికి అంచుకు చేరినప్పుడు ఎదురున్న డిఫెండర్‌ను ఒంటరిగా దాటగల మనిషి కావాలి. ఆయన కెరీర్‌ను ఈ మూడింటితో కొలిచి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

నెమ్మది మిడ్‌ఫీల్డర్, డ్రిల్ మాస్టారు

1951 ఆగస్టు 8న ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో, తొమ్మిది మంది సంతానంలో ఆఖరివాడిగా పుట్టాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. 1972లో అయాక్స్ రెండో జట్టులోకి తీసుకుంది. అప్పుడు మొదటి జట్టు మిడ్‌ఫీల్డ్‌లో నీస్కెన్స్, ఆరీ హాన్, ముహ్రెన్ ఉన్నారు, ముందు యోహాన్ క్రైఫ్ ఉన్నాడు. వాన్ గాల్‌కు ఒక్క అధికారిక మ్యాచ్‌లో కూడా చోటు దొరకలేదు. 1973లో బెల్జియం వెళ్లి రాయల్ ఆంట్‌వెర్ప్‌కు ఆడాడు. 1977లో టెల్‌స్టార్, 1978 నుంచి 1986 వరకు స్పార్టా రోటర్‌డ్యామ్, చివరికి ఏజెడ్. ఆట చదవడంలో దిట్ట, పాస్ ఇవ్వడంలో దిట్ట, పరుగులో మాత్రం వెనకబడేవాడు. కాళ్లతో చేరలేని చోటికి ముందే వెళ్లి నిలబడటం ఆయనకు అవసరం కొద్దీ అబ్బిన విద్య. తర్వాత ఆయన నేర్పించిన ఆటంతా స్థానాల చుట్టూ తిరగడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను.

ఆడుతున్న రోజుల్లోనే ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఒక టెక్నికల్ స్కూల్లో ఏళ్ల తరబడి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన ఆ పద్ధతినే తర్వాత కోటీశ్వరులైన ఆటగాళ్ల మీదా వాడాడు. మంచైనా చెడైనా అక్కడి నుంచే మొదలైంది.

అయాక్స్ యంత్రం ఎలా నడిచింది

1991 సెప్టెంబరులో లియో బీన్‌హాకర్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోతే, సహాయకుడిగా ఉన్న వాన్ గాల్‌కు పగ్గాలిచ్చారు. ఆ సీజన్‌లోనే యూఈఎఫ్‌ఏ కప్ వచ్చింది. ఫైనల్లో టొరినోపై అక్కడ 2-2, ఇక్కడ 0-0. ప్రత్యర్థి గడ్డపై చేసిన గోల్స్ లెక్కన గెలుపు. తర్వాత 1994, 1995, 1996లలో వరుసగా లీగ్. వీటిలో 1994-95 సీజన్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 34 లీగ్ మ్యాచ్‌ల్లో 27 గెలుపులు, 7 డ్రాలు, ఓటమి లేదు, 106 గోల్స్. ఛాంపియన్స్ లీగ్‌లోనూ ఓటమి లేదు. మిలాన్‌ను గ్రూపులో రెండుసార్లు, ఫైనల్లో మూడోసారి ఓడించారు.

కాగితం మీద అది 3-4-3. మైదానంలో చూస్తే వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఒకడు, ఆపైన ఇద్దరు, వాళ్లపైన ఒకడు, అందరికన్నా ముందు ముగ్గురు. వెనక రైజిగర్, డానీ బ్లింట్, ఫ్రాంక్ డి బూర్. వాళ్ల ముందు రైకార్డ్. ఇరువైపులా సీడార్ఫ్, డేవిడ్స్. పదో నంబరు, అంటే స్ట్రైకర్ వెనక నుంచి దాడిని నడిపేవాడు, లిట్మనెన్. కుడి గీత దగ్గర ఫినిడి జార్జ్, ఎడమ గీత దగ్గర ఓవర్‌మార్స్, మధ్యలో రొనాల్డ్ డి బూర్. గోల్‌లో వాన్ డెర్ సార్. సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్న నిబంధన 1992లో వచ్చింది. చాలా జట్లు దాన్ని తలనొప్పిగా చూశాయి. వాన్ గాల్ మాత్రం దాంతో ఒక అదనపు ఫీల్డ్ ఆటగాణ్ని సంపాదించుకున్నాడు, ఎందుకంటే వాన్ డెర్ సార్ రెండు కాళ్లతోనూ పాస్ ఇవ్వగలడు.

ఒక దాడి ఎలా సాగేదో చూడండి. బంతి గోల్‌కీపర్ నుంచి రైజిగర్‌కు వెళ్తుంది. ప్రత్యర్థి మొత్తం అటు జరుగుతుంది. బంతి మళ్లీ బ్లింట్‌కు, అక్కడి నుంచి ఫ్రాంక్ డి బూర్‌కు. ఈలోగా ఓవర్‌మార్స్, ఫినిడి గీతను వదిలి లోపలికి రాకూడదు. ఇది కచ్చితమైన ఆదేశం. 68 మీటర్ల వెడల్పున్న మైదానంలో ఇద్దరు వింగర్లూ చెరో అంచున నిలబడితే ఎదుటి నలుగురు డిఫెండర్లు ఆ వెడల్పంతా పంచుకోవాలి, మధ్యలో సందులు తెరుచుకుంటాయి. డి బూర్ ఎడమ కాలితో నలభై మీటర్ల పైచిలుకు వాలు పాస్ ఫినిడికి వేస్తాడు. అక్కడ ఫినిడి ముందు ఒక్క డిఫెండరే ఉంటే దాటి వెళ్లాలి. రెండోవాడు కూడా చేరితే మొండిగా తోసుకుపోకూడదు. బంతి వెనక్కిచ్చేయాలి, మొత్తం చక్రం మళ్లీ మొదలవ్వాలి. ఇద్దరు అటు పోయారంటే ఇంకోవైపు ఓవర్‌మార్స్ ఎదుట ఒక్కడే మిగిలాడన్నమాట.

బంతి పోయిన మరుక్షణం రెండో పాఠం. దగ్గరున్న ముగ్గురు బంతి మీదికి, మిగతావాళ్లు మధ్య దారులు మూయడానికి. స్థానాలు పాటించడం వల్లే ఇది సాధ్యం. ఎవరు ఎక్కడున్నారో తెలుసు, దూరాలు చిన్నవి. పదో నంబరంటే మాయలు చేసే స్వేచ్ఛాజీవి అనుకుంటాం కదా, లిట్మనెన్ మొదటి పని ఎదుటి జట్టు వెనక మిడ్‌ఫీల్డర్ మెడ మీద కూర్చోవడం. గోల్ కొట్టడం ఆ తర్వాత.

ఈ యంత్రంలో ఒక పన్ను ఊడితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. వింగర్ విసుగెత్తి లోపలికి వస్తే ఇన్‌సైడ్ మిడ్‌ఫీల్డర్ పరిగెత్తే చోటు పూడుకుపోతుంది. రైకార్డ్ స్థానంలో ఉన్నవాడు ఒక అడుగు ముందుకు పోతే వెనక ముగ్గురి మీద ఎదురుదాడి పడుతుంది. పదో నంబరు ప్రెస్ చేయకపోతే, అంటే బంతి ఉన్న ప్రత్యర్థి మీదికి వెళ్లి ఒత్తిడి తేకపోతే, మిగతా తొమ్మిది మంది పరుగు వృథా. అందుకే శిక్షణలో ఆట ఆపి, ఆటగాణ్ని రెండు మీటర్లు జరిపి, మళ్లీ మొదలుపెట్టించడం వాన్ గాల్‌కు నిత్యకృత్యం. ఇలా రోజూ వినాలంటే ఆటగాడికి వినే వయసుండాలి. సీడార్ఫ్, డేవిడ్స్, క్లైఫర్ట్, రైజిగర్ అయాక్స్ అకాడమీలో పెరిగిన కుర్రాళ్లు. ఓవర్‌మార్స్, ఫినిడి చిన్న వయసులోనే వచ్చి చేరారు. పెద్దమనుషులుగా బ్లింట్, రైకార్డ్ ఉన్నారు, వాళ్లూ మాస్టారి పక్షమే.

1995 మే 24న వియన్నాలో మిలాన్ మధ్యభాగాన్ని బిగించి అయాక్స్‌ను చాలాసేపు కదలనివ్వలేదు. వాన్ గాల్ 53వ నిమిషంలో సీడార్ఫ్ బదులు కానును, 70వ నిమిషంలో లిట్మనెన్ బదులు 18 ఏళ్ల క్లైఫర్ట్‌ను దించాడు. మిలాన్ సెంటర్ డిఫెండర్లకు అప్పటిదాకా లేని వేగం, ఎత్తు ఎదురయ్యాయి. 85వ నిమిషంలో రైకార్డ్ పాస్ అందుకుని క్లైఫర్ట్ గోల్ చేశాడు. 1-0.

మరుసటి ఏడాది రోమ్‌లో జరిగిన ఫైనల్లో యువెంటస్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయారు. అప్పటికే 1995 డిసెంబరు 15న బోస్‌మన్ తీర్పు వచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా కట్టకుండా వెళ్లిపోవచ్చు. డేవిడ్స్, రైజిగర్, క్లైఫర్ట్ మిలాన్‌కు, కాను ఇంటర్‌కు, ఫినిడి బేటిస్‌కు, ఓవర్‌మార్స్ ఆర్సెనల్‌కు వెళ్లిపోయారు. పాఠం నేర్చిన తరగతే చెదిరిపోయింది. 1997లో మాస్టారూ వెళ్లిపోయాడు.

రివాల్డో గొడవలో అసలు సంగతి

బార్సిలోనాలో తొలి రెండేళ్లూ లీగ్ గెలిచాడు, 1998లో కోపా డెల్ రే (స్పెయిన్ కప్) కూడా. జావి, పుయోల్ మొదటి జట్టులోకి వచ్చింది ఆయన చేతుల మీదుగానే. రెండోసారి వచ్చినప్పుడు 2002లో ఇనియెస్టాను ఆడించిందీ ఆయనే. ఈ వాక్యాలు చదివాక ఆయన బార్సిలోనాలో విఫలమయ్యాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే అక్కడి గొడవ కల్పితం కాదు. రివాల్డో ఎడమ వింగ్‌లో ఆడాలన్నది ఆయన నిర్ణయం. మధ్యలో పదో నంబరుగా ఆడతానన్నది రివాల్డో పట్టుదల. 1999 చివర్లో, సరిగ్గా బాలన్ డోర్ (ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) అందుకున్న రోజుల్లోనే, ఎడమవైపు ఆడనని రివాల్డో తేల్చి చెప్పాడు. వాన్ గాల్ అతణ్ని జట్టు నుంచి తప్పించాడు. బయటి నుంచి చూస్తే ఇది ఇద్దరి అహంకారం. లోపలి తర్కం వేరు: కుడివైపు ఫిగో గీత పట్టుకుని ఉన్నాడు, ఎడమ అంచు ఖాళీ అయితే ఎదుటి డిఫెన్స్ అంతా ఫిగో వైపు జరుగుతుంది. ఆ లెక్క సరైనదే. కానీ ప్రపంచంలోనే అత్యుత్తముడని అప్పుడే తేలిన మనిషికి ఆ లెక్క చెప్పి ఒప్పించడం వేరే విద్య, అది వాన్ గాల్ దగ్గర లేదు. దానికి తోడు జట్టులో ఎనిమిది మంది డచ్ ఆటగాళ్లు: హెస్ప్, రైజిగర్, బొగార్డ్, ఇద్దరు డి బూర్‌లు, కోకు, జెండెన్, క్లైఫర్ట్. కాటలోనియా పత్రికలు దీన్ని క్షమించలేదు. 2000లో లీగ్ డిపోర్టివోకు పోయింది, ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో వాలెన్సియా దెబ్బకొట్టింది. ఆయన రాజీనామా చేశాడు.

2002లో రెండోసారి వచ్చినప్పుడు కథ ఇంకా చిన్నది. యాజమాన్యం రికెల్మెను కొంది. అతనిది పదో నంబరు ఆట, నెమ్మదిగా, బంతి కాళ్ల దగ్గరే ఉంచుకునే ఆట. వాన్ గాల్ అతణ్ని తరచూ ఎడమ అంచున నిలబెట్టాడు. ఛాంపియన్స్ లీగ్ తొలి గ్రూపులో ఆరుకు ఆరు గెలిచిన జట్టే స్పెయిన్ లీగ్‌లో కుప్పకూలింది. కొనేది ఒకరు, ఆడించేది ఇంకొకరు అయిన చోట ఆయన పద్ధతి ఎప్పుడూ నిలవలేదు.

డబ్లిన్‌లో తన పాఠం తనే మరిచాడు

2001 సెప్టెంబరు 1. బార్సిలోనా రెండు విడతల మధ్య, నెదర్లాండ్స్ కోచ్‌గా ఉన్న రోజులవి. డబ్లిన్‌లో ఐర్లండ్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. అంతకుముందే ఇంట్లో ఐర్లండ్‌తో డ్రా, పోర్చుగల్ చేతిలో 0-2 ఓటమి, పోర్టోలో అదే పోర్చుగల్‌పై 2-0 ఆధిక్యం చేజార్చుకుని 2-2. గెలిచి తీరాలి. రెండో సగంలో ఐర్లండ్ డిఫెండర్ గారీ కెల్లీకి రెడ్ కార్డ్ పడింది. పది మందితో ఆడుతున్న ఐర్లండ్ తరఫున మెకటీర్ గోల్ కొట్టాడు.

ఆ రెండో సగంలో వాన్ గాల్ అంచులు ఖాళీ చేసి స్ట్రైకర్లను దించుకుంటూ పోయాడు. క్లైఫర్ట్, వాన్ నిస్టెల్‌రాయ్, హాసెల్‌బైంక్, వాన్ హోయ్‌డాంక్, నలుగురూ ఒకేసారి మైదానంలో. పది మంది ఉన్న జట్టును ఓడించాలంటే వెడల్పు సాగదీయాలి. ఆయన పదేళ్లుగా నేర్పింది అదే. అంచులు ఖాళీ చేసి మధ్యలో నలుగుర్ని కుక్కితే డిఫెండర్లకు పని తేలికైంది: అందరూ ఒక్కచోటే, గాల్లో వచ్చే బంతిని తలతో తోసేస్తే చాలు. 1-0తో ఓటమి, గ్రూపులో మూడో స్థానం, ప్రపంచకప్ గల్లంతు. ఆయన కెరీర్‌లో పద్ధతి ఓడిన మ్యాచ్‌లు చాలా ఉన్నాయి. ఇది పద్ధతిని వదిలేసి ఓడిన మ్యాచ్. ఆయన్ను మొండివాడని తిట్టేవాళ్లు దీన్ని ఉదాహరణగా చూపిస్తారు, నాకైతే ఇది అందుకు సరిగ్గా వ్యతిరేకంగా కనిపిస్తుంది.

ఏజెడ్: ఫార్మేషన్ వాదనకు సమాధానం

2004లో అయాక్స్ టెక్నికల్ డైరెక్టర్ పదవి కోచ్ రొనాల్డ్ కూమన్‌తో పొసగక నెలల్లోనే ముగిసింది. 2005లో అల్క్‌మార్ పట్టణపు ఏజెడ్‌కు వెళ్లాడు. 2007లో సీజన్ చివరి రోజు చిన్న జట్టు ఎక్సెల్సియర్ చేతిలో 3-2తో ఓడి టైటిల్ పోగొట్టుకున్నారు. మరుసటి సీజన్‌లో 11వ స్థానం. వెళ్లిపోతానన్నాడు, ఆటగాళ్లే ఉండమని పట్టుబట్టారు. బార్సిలోనాలో జరిగినదానికి ఇది తలకిందులు.

2008-09లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడారు. ఆ తర్వాత 28 మ్యాచ్‌లు ఓటమి లేదు. వెనక నాలుగు, మధ్యలో నాలుగు, ముందు ఇద్దరు. బంతిని అవతలివాళ్లకే వదిలి, వాళ్లు పైకి వచ్చాక వెనక ఖాళీలోకి దూసుకుపోవడం. ఎల్ హమ్దావి 23 గోల్స్‌తో లీగ్ టాపర్. జట్టు మొత్తం మీద ఇచ్చుకున్న గోల్స్ 22. ఏజెడ్ 80 పాయింట్లతో ఛాంపియన్, రెండోదైన ట్వెంటేకు 69. అయాక్స్, పీఎస్‌వీ, ఫెయెనూర్డ్ కాకుండా వేరే జట్టు లీగ్ గెలవడం 1981 తర్వాత అదే మొదలు. బంతి ఎప్పుడూ మనదే అయి ఉండాలని బోధించిన మనిషి, బంతిని వదిలేసి గెలిచాడు. చేతిలో ఉన్న ఆటగాళ్లు అందుకే పనికొస్తారని ఒప్పుకున్నాడు. వాళ్లకూ ఆయన అవసరం ఉంది.

బయెర్న్‌లో 2009-10 ఇంచుమించు ఇదే రుచి. శరదృతువు దాకా తడబడ్డారు, డిసెంబరులో టురిన్‌లో యువెంటస్‌ను 4-1తో కొట్టాక గాడిన పడ్డారు. వింగర్‌గా తిరుగుతున్న ష్వైన్‌స్టైగర్‌ను మధ్యలోకి తెచ్చి వాన్ బొమెల్ పక్కన నిలబెట్టడం ఆ ఏడాది అతిముఖ్యమైన నిర్ణయం. అతని మిగతా కెరీర్ చాలావరకు ఆ స్థానంలోనే సాగింది. ముల్లర్, బాడ్‌స్టూబర్‌లను యువ జట్టు నుంచి ఎత్తుకొచ్చాడు. అంచుల్లో రాబెన్, రిబెరీ ఉన్నారు, ఒంటరిగా దాటేసే విద్యలో అప్పట్లో వాళ్లను మించినవాళ్లు అరుదు. లీగ్, జర్మన్ కప్ రెండూ వచ్చాయి. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఒకప్పటి తన సహాయకుడు మౌరిన్యో నడిపిన ఇంటర్ చేతిలో 0-2. రిబెరీ ఆ రోజు సస్పెన్షన్‌లో ఉన్నాడు. తర్వాతి సీజన్ సగం రాబెన్ గాయంతో లేడు. జనవరిలో అనుభవజ్ఞుడు బట్‌ను పక్కనపెట్టి కుర్ర గోల్‌కీపర్ క్రాఫ్ట్‌ను ఆడించడంతో క్లబ్ పెద్దలతో విభేదం ముదిరింది. ఏప్రిల్‌లో పంపేశారు. మూడు అవసరాల్లో రెండు ఒకే శీతాకాలంలో చేజారాయి.

బ్రెజిల్ 2014: రెండు నిర్ణయాలు దగ్గరగా

రెండోసారి జాతీయ జట్టును తీసుకుని అర్హత పోటీల్లో పదిలో తొమ్మిది గెలిచాడు. 2014 మార్చిలో ఫ్రాన్స్‌తో 0-2 ఓటమి, ఆ వెంటనే స్ట్రూట్‌మన్ మోకాలి గాయం. మిడ్‌ఫీల్డ్‌లో పరుగంతా మోసేది అతనే. అతను లేకుండా 4-3-3లో ప్రెస్ చేస్తే మధ్యలో దారి తెరుచుకుపోతుంది. అందుకే వెనక ఐదుగురికి మారాడు. డచ్ పత్రికలు గుండెలు బాదుకున్నాయి.

లెక్క ఇదీ. ముగ్గురు సెంటర్ డిఫెండర్లలో ఒకడు వెనక కాపలా ఉంటే, మిగతా ఇద్దరు డి వ్రై, మార్టిన్స్ ఇండీ తమ మనిషిని మిడ్‌ఫీల్డ్ దాకా వెంటాడొచ్చు. ముందు రాబెన్, వాన్ పెర్సీ, వాళ్ల వెనక స్నైడర్. తొలి మ్యాచ్ ప్రత్యర్థి స్పెయిన్. దాని డిఫెన్స్ పైకి వచ్చి నిలబడుతుంది కాబట్టి వెనక బోలెడు చోటు. 44వ నిమిషంలో డాలీ బ్లింట్ ఎడమ నుంచి వేసిన పొడుగు పాస్‌కు వాన్ పెర్సీ గాల్లోకి లేచి కొట్టిన హెడర్ అందరికీ గుర్తే. అది మెరుపు కాదు, పోర్చుగల్ శిబిరంలో రుద్ది రుద్ది నేర్చిన పాఠం. 5-1. జట్టులో సగం మంది సొంత లీగ్‌లో ఆడే కుర్రాళ్లు కావడం కూడా కలిసొచ్చింది. డబ్లిన్ జట్టులోని తారలకంటే వీళ్ల పేర్లు చిన్నవి, ఆకలి పెద్దది.

మెక్సికోపై ఒక గోల్ వెనకబడగానే డిపాయ్‌ను దించి 4-3-3కు మార్చాడు. డర్క్ కౌట్ ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఎడమ వింగ్‌బ్యాక్ (అంచు వెంట రక్షణ, దాడి రెండూ చేసేవాడు), కుడి బ్యాక్, ఫార్వర్డ్ మూడూ ఆడాడు. 76వ నిమిషంలో హుంటెలార్ వచ్చాడు. 88లో అతను తలతో దించిన బంతిని స్నైడర్ గోల్ చేశాడు, ఇంజూరీ టైమ్‌లో పెనాల్టీ హుంటెలార్‌దే.

ఇక కోస్టారికా. మూడు సబ్‌స్టిట్యూషన్లే ఉన్న రోజులవి. 76వ నిమిషంలో ఒకటి, 106లో ఒకటి వాడి, మూడోది దాచాడు. షూటౌట్ వస్తే, మార్పు మిగిలి ఉంటే నువ్వే అని టిమ్ క్రూల్‌కు ముందే చెప్పారు. మొదటి గోల్‌కీపర్ సిలెసెన్‌కు చెప్పలేదు, 120 నిమిషాలూ అతని మనసు ఆటలోనే ఉండాలని. 120 దాటాక క్రూల్ దిగాడు. అతను సిలెసెన్ కన్నా పొడగరి, చేతుల విస్తీర్ణం ఎక్కువ. గోల్‌కీపింగ్ కోచ్ ఫ్రాన్స్ హూక్ కోస్టారికా ఆటగాళ్ల అలవాట్లు చదివి పెట్టాడు. క్రూల్ ఐదు కిక్‌లకూ సరైన వైపే దూకాడు, రూయిజ్, ఉమాన్యాలవి ఆపాడు. 4-3.

సెమీఫైనల్లో అర్జెంటీనాతో అదే ఎత్తు ఎందుకు వేయలేదని ఇప్పటికీ అడుగుతారు. వేయలేకపోయాడు. ఎల్లో కార్డు ఉన్న మార్టిన్స్ ఇండీని విరామంలో మార్చాల్సి వచ్చింది. గాయం నుంచి అప్పుడే కోలుకున్న డి యాంగ్‌ను 62వ నిమిషంలో, కడుపునొప్పితో ఉన్న వాన్ పెర్సీని 96వ నిమిషంలో. మూడూ అయిపోయాయి. షూటౌట్‌లో వ్లార్, స్నైడర్ కిక్‌లను ఆపిన అర్జెంటీనా గోల్‌కీపర్ రొమెరో, ఏజెడ్‌లో వాన్ గాల్ దగ్గర ఆడినవాడే. మూడో స్థానం మ్యాచ్‌లో బ్రెజిల్‌పై 3-0 గెలుస్తుండగా ఆఖరి క్షణాల్లో మూడో గోల్‌కీపర్ వోర్మ్‌ను దించాడు. అలా 23 మందినీ ఒకే ప్రపంచకప్‌లో ఆడించిన తొలి కోచ్ అయ్యాడు.

యునైటెడ్‌లో ఏం లోపించింది

మాంచెస్టర్‌లో రెండేళ్లు: ఒక నాలుగో స్థానం, ఒక ఐదో స్థానం, ఒక ఎఫ్‌ఏ కప్. 2015-16లో 38 లీగ్ మ్యాచ్‌ల్లో 49 గోల్స్. అయాక్స్ 106తో పోల్చితే పద్ధతి ఒకటే, ఫలితం సగానికన్నా తక్కువ. ఇది మూడో అవసరానికి సంబంధించిన సమస్య. బంతి అటూ ఇటూ తిరుగుతుంది, ప్రత్యర్థి తన పెనాల్టీ ఏరియా ముందు గోడ కడుతుంది, చివరికి బంతి వింగ్‌కు చేరుతుంది, అక్కడున్నవాడు డిఫెండర్‌ను దాటలేడు. వెనక్కి పాస్. మళ్లీ అదే. దాటలేని వింగర్ చేతిలో 'తోసుకుపోవద్దు, వెనక్కివ్వు' అన్న పాఠం అంతులేని చక్రం అయిపోతుంది. ఆ విద్య ఉన్న డి మరియాను దాదాపు 6 కోట్ల పౌండ్లకు కొన్నారు. ఎడమ, కుడి, మధ్య అని తిప్పితిప్పి ఏడాదికే పీఎస్‌జీకి అమ్మేశారు. ఈ తప్పు మాత్రం వాన్ గాల్‌దే. ఆ క్లబ్‌లో ఆయన చేసిన మంచి పని మళ్లీ పిల్లలతోనే: 2016 ఫిబ్రవరిలో వార్మప్‌లో మార్షియల్ గాయపడితే 18 ఏళ్ల రాష్‌ఫోర్డ్‌ను దించాడు, అతను తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు.

ఖతర్, ఆ తర్వాత

2021లో మూడోసారి జాతీయ జట్టు. దాదాపు 70 ఏళ్ల వయసు. 2022 ఏప్రిల్‌లో తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని టీవీలో చెప్పాడు. అప్పటిదాకా ఆటగాళ్లకు తెలియనివ్వకుండా చికిత్స చేయించుకున్నాడు.

ఖతర్ ప్రపంచకప్‌లో మళ్లీ వెనక ఐదుగురే. ఆట చప్పగా ఉందన్న విమర్శ వచ్చింది, గ్రూపు దశ మేరకు అది సబబే. కానీ అమెరికాపై 3-1 మ్యాచ్ చూడండి. రాబెన్ లాంటి వింగర్ లేడు. అందుకని వెడల్పు బాధ్యత వింగ్‌బ్యాక్‌లకిచ్చాడు. కుడి నుంచి డమ్‌ఫ్రీస్ ఇచ్చిన పాస్‌లకు డిపాయ్, డాలీ బ్లింట్ గోల్స్ చేశారు. చివర్లో ఎడమ నుంచి బ్లింట్ వేసిన క్రాస్‌కు డమ్‌ఫ్రీస్ గోల్ చేశాడు. ఒంటరిగా దాటేవాడు లేనప్పుడు, ఎవరూ పట్టించుకోని అవతలి అంచు నుంచి వెనకగా పరిగెత్తుకొచ్చేవాణ్ని వాడుకోవాలి. మాంచెస్టర్‌లో దొరకని జవాబు ఇక్కడ దొరికింది.

క్వార్టర్స్‌లో అర్జెంటీనాపై 0-2 నుంచి వెగ్‌హోర్స్ట్ రెండు గోల్స్‌తో 2-2 చేశారు. రెండోది ఇంజూరీ టైమ్ పదకొండో నిమిషంలో: గోడ ఎగురుతుందని తెలిసి కూప్‌మైనర్స్ ఫ్రీకిక్‌ను నేల మీదుగా పాస్ చేశాడు, వెగ్‌హోర్స్ట్ అందుకుని తిరిగి కొట్టాడు. పెనాల్టీల్లో వాన్ డైక్, బెర్గ్‌హౌస్ కిక్‌లను మార్టినెజ్ ఆపాడు, 4-3తో అర్జెంటీనా. షూటౌట్‌లను డ్రాలుగా లెక్కిస్తే రెండు ప్రపంచకప్‌ల 12 మ్యాచ్‌ల్లో, మూడో విడతలోని 20 మ్యాచ్‌ల్లో వాన్ గాల్ జట్టు ఒక్కటీ ఓడలేదు.

ఆయన తర్వాత వచ్చింది రొనాల్డ్ కూమన్. బార్సిలోనాలో వాన్ గాల్ సహాయకుడు, అయాక్స్‌లో వాన్ గాల్‌తో పొసగనివాడు. ఐదుగురి డిఫెన్స్ వదిలి డచ్ సంప్రదాయమైన 4-3-3కు తిరిగి వెళ్తానని ప్రకటించాడు. 2023 మార్చి 24న పారిస్‌లో ఆ 4-3-3తో తొలి మ్యాచ్. కొందరు ఆటగాళ్లు అనారోగ్యంతో శిబిరం వదిలి వెళ్లారన్నదీ నిజమే, అయినా 21 నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చుకుని ఫ్రాన్స్ చేతిలో 4-0తో ఓడారు.